కువైట్ జీతం, రాయచోటి ఎదుగుదల

(బెంగళూరు మారతహళ్లిలో ఒక ఆదివారం సాయంత్రం జరిగిన తెలుగువారి సమావేశంలో ఒక అర్థశాస్త్ర అధ్యాపకుడు చేసిన ప్రసంగం. రికార్డింగ్ విని రాసిన పాఠం. చివర సభికుల ప్రశ్నలు కొన్ని ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. ఎలక్ట్రానిక్ సిటీ నుంచి, యలహంక నుంచి కూడా వచ్చారని ఇప్పుడే చెప్పారు. చాలా సంతోషం. ఈ ట్రాఫిక్‌లో అంత దూరం నుంచి అర్థశాస్త్రం వినడానికి వచ్చారంటే, ఇది మీ ఇంటి విషయం కూడా కాబట్టే. ఒకటో తారీఖు దాటగానే ఊరికి డబ్బు పంపనివాళ్లు ఈ హాల్లో ఎంతమంది ఉంటారు? నాన్న మందులకో, చెల్లెలి ఫీజుకో, ఊళ్లో కట్టిన ఇంటి లోనుకో పంపుతూనే ఉంటాం. మనలో కొందరి ముత్తాతలు రంగం, అంటే బర్మాలోని రంగూన్ వెళ్లి అక్కడి రేవులో, ధాన్యం మిల్లుల్లో పనిచేసి పంపారు. ఇప్పుడు రాయచోటి, రాజంపేట, కోనసీమ, జగిత్యాల, నిజామాబాద్ వైపు వాళ్లు కువైట్, దుబాయ్, మస్కట్ నుంచి పంపుతున్నారు. గుంటూరు, కృష్ణా, హైదరాబాద్ పిల్లలు డాలస్ నుంచి పంపుతున్నారు.

ఈ డబ్బు ఇంటికి మంచి చేస్తుందా అని ఎవరినీ అడగనక్కర్లేదు. నా ప్రశ్న వేరే. ఆ డబ్బు అందుకున్న ఊరు, జిల్లా, దేశం ఎదుగుతాయా? ఆర్థిక వృద్ధి అంటామే, అది దీనివల్ల పెరుగుతుందా? దీని మీద ఆర్థికవేత్తలు దశాబ్దాలుగా వాదించుకుంటున్నారు. నా అభిప్రాయం దాచుకోను, ముందే చెప్పేస్తాను. వలస వెళ్లిన మనిషి పంపేది జీతం. ఆ జీతంతో ఇల్లు గడుస్తుంది, పిల్లలు చదువుతారు, అప్పు తీరుతుంది. ఊరు ఎదగాలంటే మాత్రం ఆ ఊళ్లో నీళ్లుండాలి, రోడ్డుండాలి, అడిగితే అప్పిచ్చే బ్యాంకుండాలి. అవి లేనిచోట ఎన్ని దీనార్లు వచ్చినా అవి ఇంటి గడప దాటి పనిచేయవు. ఆ తప్పు పంపినవాడిదీ కాదు, ఖర్చు పెట్టినవాళ్లదీ కాదు.

ఇది ఎంత పెద్ద మొత్తమో ముందు చూద్దాం. ప్రపంచ బ్యాంకు అంచనా ప్రకారం 2024లో మన దేశానికి ఇలా వచ్చింది 129 బిలియన్ డాలర్లు. అంటే దాదాపు 11 లక్షల కోట్ల రూపాయలు. ప్రపంచంలో మనదే మొదటి స్థానం, ఆ తర్వాత మెక్సికో. ఒక్క ఏడాదిలో 100 బిలియన్ డాలర్లు దాటిన మొదటి దేశం కూడా మనదే, 2022లో. పేద, మధ్య ఆదాయ దేశాలన్నిటికీ కలిపి 2024లో దాదాపు 685 బిలియన్ డాలర్లు వెళ్లాయి. ఆ దేశాలకు వచ్చే విదేశీ ప్రత్యక్ష పెట్టుబడులు, అభివృద్ధి సాయం రెండూ కలిపినా ఇంత లేవు. పెద్ద పెద్ద సదస్సులు పెట్టి, ఒప్పందాలు రాసుకుని తెచ్చే డబ్బు కంటే డ్రైవర్లు, నర్సులు, మేస్త్రీలు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లు, సాఫ్ట్‌వేర్ ఉద్యోగులు పంపే డబ్బే ఎక్కువ.

మన దేశానికి ఇది జీడీపీలో మూడున్నర శాతం లోపే. నేపాల్‌కు నాలుగో వంతు. తజికిస్తాన్‌కు 2024లో 45 శాతం దాకా. దేశాన్ని బట్టి ఈ డబ్బు బరువు ఇంత మారుతుంది కాబట్టి, అందరికీ ఒకే జవాబు సరిపోదు.

మన రాష్ట్రాల సంగతి కూడా చెప్తాను. రిజర్వ్ బ్యాంకు 2023-24కు చేసిన సర్వేలో మనకు అన్నిటికంటే ఎక్కువ డబ్బు పంపిన దేశం అమెరికా, 27.7 శాతం. తర్వాత యుఎఇ, 19.2 శాతం. అందుకున్న రాష్ట్రాల్లో మహారాష్ట్ర 20.5, కేరళ 19.7, తమిళనాడు 10.4, తెలంగాణ 8.1, కర్ణాటక 7.7, ఆంధ్రప్రదేశ్ 4.4 శాతం. రెండు తెలుగు రాష్ట్రాలూ కలిస్తే పన్నెండున్నర. 2016-17 సర్వేలో ఆ డబ్బు దేనికి వాడుతున్నారో కూడా అడిగారు. 59 శాతం ఇంటి ఖర్చులకు, 20 శాతం బ్యాంకు డిపాజిట్లకు, 8 శాతం పైచిలుకు స్థలాలకు, షేర్లకు. ఆ 59 శాతాన్ని చూసి ‘తిని కూర్చుంటున్నారు’ అన్న పెద్దమనుషులు ఉన్నారు. ఆ మాట నాకు చాలా బాధ కలిగిస్తుంది. ఇంటి ఖర్చు అంటే అందులో బియ్యం, బడి, బీపీ మాత్రలు అన్నీ ఉన్నాయి.

ఇక్కడ ఒక లెక్క తెలుసుకోవాలి. కువైట్ నుంచి వచ్చిన 20,000 రూపాయలు మన జీడీపీలో నేరుగా చేరవు. జీడీపీ అంటే మన దేశం లోపల తయారైన సరుకుల, సేవల విలువ. ఆ మనిషి చెమట కువైట్ జీడీపీలో చేరుతుంది. ఇక్కడ ఆ డబ్బుతో ఏం కొన్నారన్నదాన్ని బట్టే మన ఉత్పత్తి పెరగడం, పెరగకపోవడం. ఇల్లు కడితే ఇటుకల బట్టీకి, తాపీ మేస్త్రీకి, సిమెంటు కొట్టుకు పని దొరుకుతుంది. బంగారం కొంటే అందులో ఎక్కువ భాగం దిగుమతి సరుకే కాబట్టి డబ్బు మళ్లీ దేశం దాటుతుంది. స్థలం కొంటే కొత్తగా ఏమీ తయారు కాదు. ఒకరి చేతిలో డబ్బు ఇంకొకరి చేతికి వెళ్తుంది, అమ్మినవాడు దాన్ని ఏం చేస్తాడన్నదే అసలు విషయం. స్థలాల సంగతి మళ్లీ మాట్లాడతాను.

వృద్ధి మాట ఎలా ఉన్నా, ఈ డబ్బుకు ఒక గొప్ప గుణం ఉంది. కష్టకాలంలో పారిపోదు. విదేశీ పెట్టుబడిదారు గొడవ అనగానే డబ్బు వెనక్కి తీసుకుంటాడు. కొడుకు అలా చేయడు. ఇంట్లో ఇబ్బంది అని తెలిస్తే ఇంకో రెండు వేలు ఎక్కువే పంపుతాడు. 2020 ఏప్రిల్‌లో కోవిడ్ మొదలైనప్పుడు ఈ డబ్బు 20 శాతం పడిపోతుందని ప్రపంచ బ్యాంకు అంచనా వేసింది. లెక్కలు తేలాక చూస్తే పేద, మధ్య ఆదాయ దేశాలకు తగ్గింది 1.6 శాతమే. మన దేశానికి 83 బిలియన్ డాలర్లు వచ్చాయి, తగ్గుదల 0.2 శాతం. ఓవర్‌టైమ్‌లు పోయినా, ఒకే గదిలో పదిమంది ఇరుక్కుని ఉన్నా, పంపడం మానలేదు.

ఫిలిప్పీన్స్‌లో దీన్ని చాలా జాగ్రత్తగా పరిశీలించారు. వానలు తప్పి ఆదాయం పడిపోయిన ఇళ్లను ఆర్థికవేత్తలు డీన్ యాంగ్, హ్వాజంగ్ చోయ్ చూశారు. విదేశంలో మనిషి ఉన్న ఇంటికి, పోయిన ఆదాయంలో దాదాపు 60 శాతం బయటి డబ్బుతో పూడింది. మన అనంతపురం జిల్లాలో వేరుశనగ ఎండిపోయిన ఏడాది బెంగళూరు నుంచి వెళ్లే డబ్బు ఏం చేస్తుందో చూసినవాళ్లకు ఇది కొత్తగా అనిపించదు. పంటల బీమా డబ్బు వచ్చేసరికి ఇంకో పంట కాలం వచ్చేస్తుంది. కొడుకు పంపింది ఆ సాయంత్రానికే చేరుతుంది.

దేశానికి కూడా అంతే. మనం అమ్మేదానికంటే కొనే సరుకు ఎక్కువ. ఆ సరుకుల వాణిజ్య లోటులో దాదాపు సగాన్ని పూడుస్తున్నది ఈ డబ్బే. 1990లో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించుకున్నప్పుడు అక్కడి మనవాళ్లను లక్షా డెబ్బై వేల మందికి పైగా విమానాల్లో వెనక్కి తెచ్చుకున్నాం. చమురు ధర పెరిగింది, గల్ఫ్ డబ్బు ఆగింది. 1991 విదేశీ మారక సంక్షోభానికి ఉన్న కారణాల్లో అదొకటి.

ఇక అసలు వాదన. 2000ల మొదట్లో అంతర్జాతీయ ద్రవ్య నిధికి చెందిన రాల్ఫ్ చామి, ఆయన సహచరులు వందకు పైగా దేశాల లెక్కలు తీసి, ఈ డబ్బు ఎక్కువగా వచ్చే దేశాల్లో వృద్ధి తక్కువగా ఉందన్నారు. కారణం ఏమిటంటే, బయటి నుంచి డబ్బు వస్తుందన్న ధీమాతో ఇక్కడివాళ్లు పని తగ్గించుకుంటారట. ఈ వాదనను నేను ఒప్పుకోను. మొదటి సంగతి, జ్వరం వచ్చిన ఇంటికే డాక్టరు ఎక్కువగా వెళ్తాడు, డాక్టరు వెళ్లడం వల్ల జ్వరం వచ్చిందని అనం కదా. దేశం కష్టాల్లో ఉన్నప్పుడే డబ్బు ఎక్కువ వస్తుంది. రెండోది, మూడు వందల కూలికి ఎండలో కలుపు తీయడానికి వెళ్లే ఇల్లాలు భర్త డబ్బు పంపడం మొదలయ్యాక ఆ పని మానేసి, పిల్లల్ని బడికి పంపి, మంచాన పడిన అత్తగారిని చూసుకుంటుంటే, దాన్ని బద్ధకం అంటామా? జీడీపీ లెక్కలో ఆమె కూలి మాయమవుతుంది. ఆమె చేసే సేవకు మాత్రం లెక్కలో చోటు లేదు.

తర్వాత 2009లో పావోలా గియులియానో, మార్తా రూయిజ్-అరాంజ్ ఇంకో కోణం చూపించారు. దాదాపు వంద వర్ధమాన దేశాల్లో చూస్తే, బ్యాంకులు సరిగా అందని దేశాల్లోనే ఈ డబ్బు వృద్ధికి ఎక్కువ తోడ్పడిందట. ఎందుకంటే అప్పు పుట్టనిచోట, ఇంటికి వచ్చిన ఈ డబ్బే చిన్న వ్యాపారానికి పెట్టుబడి అవుతుంది. నాకు ఇందులో ఆశతో పాటు ఒక నిందా కనిపిస్తుంది. బ్యాంకు చేయాల్సిన పనిని కువైట్‌లో కారు తోలే మనిషి చేస్తున్నాడన్నమాట.

2018లో మైకేల్ క్లెమెన్స్, డేవిడ్ మెకెంజీ వచ్చి, ఈ రెండు వైపుల వాదనలకూ ఆధారమైన లెక్కలే సరిగా లేవన్నారు. ఈ డబ్బు కాగితం మీద ఇంతగా పెరగడంలో చాలా భాగం లెక్క కట్టే పద్ధతి మారడం వల్ల వచ్చిందే. ముందు బ్యాంకుతో పనిలేకుండా హుండీ వ్యాపారుల చేతుల మీదుగా, సంచుల్లో వచ్చింది ఇప్పుడు బ్యాంకు లెక్కలోకి వస్తోంది. అదీగాక మనిషి వెళ్లిపోయాక ఇక్కడ అతను చేసే పని పోతుంది, ఆ నష్టాన్ని కూడా తీసివేయాలి. కాబట్టి దేశాల సగటులు పట్టుకుని ఇటో అటో తీర్పు చెప్పడం కుదరదన్నారు. నాకు ఇదే సబబుగా తోస్తుంది.

సగటులు వదిలేస్తే నాకు బాగా నచ్చిన పరిశోధన మళ్లీ డీన్ యాంగ్‌దే. 1997లో ఆసియా ఆర్థిక సంక్షోభంలో ఫిలిప్పీన్స్ పెసో విలువ పడిపోయింది. అప్పటికి ఆ దేశపు కార్మికులు ఎన్నో దేశాల్లో ఉన్నారు. అమెరికాలో, గల్ఫ్‌లో ఉన్నవాళ్ల జీతం పెసోల్లో ఒక్కసారిగా పెరిగింది. సంక్షోభంలో చిక్కుకున్న మలేసియా లాంటి చోట్ల ఉన్నవాళ్లకు అంత పెరగలేదు. ఎవరూ అనుకుని చేసింది కాదు, ఎవరు ఎక్కడున్నారన్న అదృష్టం. కలిసొచ్చిన ఇళ్లలో పిల్లలు బడిలో ఎక్కువ కాలం ఉన్నారు, పనికి వెళ్లే పిల్లల సంఖ్య తగ్గింది, సొంత వ్యాపారాలకు ఎక్కువ గంటలు పెట్టారు, కాస్త పెద్ద పెట్టుబడి కావలసిన వ్యాపారాలు కూడా మొదలుపెట్టారు. అంటే చేతిలో కాస్త మిగులు పడితే జనం తిని కూర్చోవడం లేదు. మిగులు పడాలి, అంతే.

మరి మన దగ్గర మిగులు ఎందుకు పడదు? రాయచోటి దగ్గర ఒక ఊళ్లో ఒకావిడ నాకు తన పాస్‌బుక్ చూపించింది. భర్త కువైట్‌లో డ్రైవరు. ప్రతి నెలా మొదటి వారంలో 22,000 జమ, మర్నాడు 20,000 డ్రా. మిగిలిన రెండు వేలు డ్వాక్రా కంతుకు. ఇంట్లో పిల్లల నోటు పుస్తకంలో ఖర్చు రాసిపెట్టింది. కిరాణా, పాలు, పెద్దమ్మాయి హాస్టలు, చిన్నవాడి వ్యాను, మామగారి షుగరు మాత్రలు, బోరు మోటారు రిపేరు. ప్రతి పేజీలో చివరి లైను ‘వడ్డీ’. కువైట్ పంపడానికి చేసిన అప్పు మీద వడ్డీ.

ఆ వడ్డీ మనకు తెలియంది కాదు. నూటికి మూడు రూపాయలు. అంటే ఏడాదికి 36 శాతం. ఏజెంటుకు, టికెట్‌కు, మెడికల్‌కు కలిపి లక్షన్నర అప్పు చేశారనుకుందాం. నెలకు 4,500 వడ్డీ. ఇంటి ఖర్చులు పోను వడ్డీ ఒక్కటే కట్టగలిగితే ఏడాదికి 54,000 పోయి, అసలు లక్షన్నర అలాగే ఉంటుంది. కడుపు కట్టుకుని నెలకు 15,000 కడితే తీరడానికి ఏడాది పడుతుంది, వడ్డీ కిందే 31,000 దాకా పోతుంది. అదే అప్పును బ్యాంకు 12 శాతానికి ఇచ్చి ఉంటే, అదే కంతుకు వడ్డీ 9,000 లోపే. చట్టం ప్రకారం రిజిస్టరైన ఏజెంటు తీసుకోదగిన సర్వీసు చార్జీ 30,000 రూపాయలు, దాని మీద జీఎస్టీ. ఊళ్లలో తిరిగే సబ్ ఏజెంటు చేతికి వెళ్లేది అంతకు ఎన్నో రెట్లు. దేశం దాటకముందే అతని మొదటి ఏడాది సంపాదన వడ్డీవ్యాపారికీ, సబ్ ఏజెంటుకూ రాసిచ్చేసినట్టే. ఆ డబ్బుకు వృద్ధి ఎక్కడ అని అడిగేవాళ్లు ముందు ఈ కాగితం చూడాలి.

ఆ ఇంటి సంగతి ఇంకా ఉంది. ఆమె రెండు పాడి గేదెలు కొనడానికి బ్యాంకు అప్పు అడిగింది. కొన్నేళ్లుగా ఒక్క నెల తప్పకుండా డబ్బు జమ అవుతున్న ఖాతా అదే బ్రాంచిలో ఉంది. అయినా షూరిటీ ఎవరిస్తారు, పొలం పాస్‌బుక్ ఉందా అన్నారు. పొలం మామగారి పేర ఉంది, పంపకాలు కాలేదు. చివరికి మెడలోది తాకట్టు పెట్టి ఒక గేదె కొంది. ఆ ఖాతాలో ఉన్నంత క్రమం చాలా వ్యాపార ఖాతాల్లో ఉండదు. అయినా ఆ జమలు ఆమెకు అప్పు అర్హతగా పనికిరాలేదు. వృద్ధి ఆగిపోయింది సరిగ్గా ఇక్కడే. రెండో గేదె దగ్గర. ఇలాంటి రెండో గేదెలు జిల్లాలో ఎన్నివేలు ఆగిపోయాయో ఏ సర్వేలోనూ కనిపించదు.

స్థలాల సంగతి చెప్తానన్నాను. గల్ఫ్ డబ్బు, అమెరికా డబ్బు, బెంగళూరు డబ్బు మూడూ కలిసి మన టౌన్ల చుట్టూ సెంటు ధరను ఎక్కడికో తీసుకెళ్లాయి. అమ్మిన రైతు ఒక్కసారి లాభపడతాడు. ఆ తర్వాత అక్కడ పొలం కొని సాగు చేయాలనుకునేవాడు, షెడ్డు వేసి చిన్న యూనిట్ పెట్టాలనుకునేవాడు ఆ ధర చూసి వెనక్కి తగ్గుతాడు. కొన్న ప్లాటులో రాళ్లు పాతి వదిలేస్తాం. తుమ్మచెట్లు పెరుగుతాయి. దేశం మొత్తంగా చూసినా ఇలాంటి చిక్కు ఒకటుంది. బయటి డబ్బు బాగా వచ్చినచోట స్థానిక ధరలు, కూలి రేట్లు పెరిగి, ఎగుమతి చేసే పరిశ్రమలు నిలదొక్కుకోలేవు. ఎల్ సాల్వడార్ మీద జరిగిన అధ్యయనాల్లో ఇది బయటపడింది.

నేపాల్‌లో ఈ డబ్బు మేలూ, దాని పరిమితీ రెండూ కనిపిస్తాయి. 1995-96లో 42 శాతం ఉన్న పేదరికం 2010-11 నాటికి 25 శాతానికి దిగింది. అంతర్యుద్ధం నడుస్తున్న ఏళ్లలో కూడా దిగిందంటే అందులో మలేసియా, ఖతార్, మన దేశం నుంచి వెళ్లిన డబ్బు పాత్ర పెద్దది. కానీ ఆ దేశంలో ఫ్యాక్టరీలు పెరగలేదు, దిగుమతులు పెరిగాయి. చదువుకున్న పిల్లవాడు మళ్లీ పాస్‌పోర్టు ఆఫీసు ముందే నిలబడుతున్నాడు. తజికిస్తాన్ అయితే దాదాపు మొత్తం రష్యా మీదే ఆధారపడింది. 2014 చివర్లో చమురు ధర, దాంతో రూబుల్ పడిపోగానే అక్కడి ఇళ్లలో వంట సరుకులకే ఇబ్బంది వచ్చింది.

కేరళ వేరు. 2023 వలస సర్వే ప్రకారం ఆ రాష్ట్రానికి ఏడాదికి 2.16 లక్షల కోట్ల రూపాయలు వచ్చాయి. 2018లో 85 వేల కోట్లు. డబ్బు రాకముందే అక్కడ బడి ఉంది, ఆరోగ్య కేంద్రం ఉంది, చదువుకున్న ఆడవాళ్లు ఉన్నారు. అందుకే వచ్చిన డబ్బు ఆసుపత్రులుగా, కాలేజీలుగా, దుకాణాలుగా మారింది. అయినా అక్కడ కూడా ఎన్నారై డిపాజిట్లు బ్యాంకుల్లో పేరుకుని, వాటితో పోలిస్తే స్థానికంగా ఇచ్చే అప్పులు తక్కువన్న ఫిర్యాదు ఎప్పటినుంచో ఉంది. మలయాళీ దాచుకున్న డబ్బుతో వేరే రాష్ట్రంలో ఫ్యాక్టరీ లేచింది.

ఇప్పుడు మన బెంగళూరు. విదేశీ డబ్బు గురించి ఇన్ని అంకెలు చెప్పాను, దేశం లోపల తిరిగే డబ్బుకు అంకెలే సరిగా లేవు. 2011 జనగణనలో 45 కోట్ల మంది పుట్టిన ఊరో, పాత ఊరో వదిలి వేరే చోట ఉన్నవాళ్లు. ఆర్థికవేత్త చిన్మయ్ తుంబే 2007-08కు వేసిన అంచనా ప్రకారం దేశంలోపల ఇలా తిరిగింది 10 బిలియన్ డాలర్లు, అందుకున్న ఇళ్లలో 80 శాతం పల్లెల్లోవి. అది పాత లెక్క. ఈ వర్తూరు రోడ్డులో లేస్తున్న ఏ అపార్ట్‌మెంటు దగ్గరికైనా శనివారం సాయంత్రం వెళ్లండి. బటవాడా అయ్యాక తెలుగు మాటలే వినిపిస్తాయి. ఆదోని, కోసిగి, మడకశిర, మహబూబ్‌నగర్. సొంత ఫోన్‌లో యూపీఐ ఉన్నవాళ్లు అక్కడే నిలబడి పంపేస్తారు. లేనివాళ్లు మనీ ట్రాన్స్‌ఫర్ బోర్డున్న కొట్టుకు వెళ్తారు. అక్కడ వెయ్యికి పది రూపాయల దాకా తీసుకుంటారు.

వీళ్ల డబ్బు ఊరికి చేరుతుంది, కానీ వీళ్లతోపాటు కుటుంబమే కదిలి వచ్చేస్తే పంపేదేమీ ఉండదు, పిల్లల చదువు ఆగిపోతుంది. ఆదోని వైపు సుగ్గికి, అంటే సీజను కూలి పనులకు వలస వెళ్లే ఇళ్లలో ఇదే జరుగుతోంది. తల్లిదండ్రులు వెళ్లినా పిల్లలు ఊళ్లోనే ఉండి చదువుకునే సీజనల్ హాస్టలు ఒకటి సరిగా నడిస్తే, ఆ కుటుంబం పంపే డబ్బుకు విలువ రెట్టింపవుతుంది. ఇలాంటి చోటే ప్రభుత్వం పెట్టే ఖర్చు, వలస డబ్బు ఒకదానికొకటి ఊతమవుతాయి.

డబ్బు పంపే దారి తేలికైతే ఎంత మార్పు వస్తుందో కెన్యా చూపించింది. అక్కడ 2007లో ఎం-పెసా వచ్చింది. మామూలు బటన్ ఫోన్‌తో డబ్బు పంపే పద్ధతి. తవ్‌నీత్ సూరి, విలియం జాక్ 2016లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం దాదాపు 1,94,000 కుటుంబాలు దానివల్ల పేదరికం నుంచి బయటపడ్డాయి. ముఖ్యంగా ఆడవాళ్లు పొలం పని నుంచి చిన్న వ్యాపారాల్లోకి మారారు. విదేశాల నుంచి పంపడం మాత్రం ఇంకా ఖరీదే. 200 డాలర్లు పంపితే ప్రపంచ సగటు ఖర్చు ఇప్పటికీ 6 శాతం పైనే. 2030 నాటికి 3 శాతం లోపుకు తేవాలని ఐక్యరాజ్యసమితి లక్ష్యం పెట్టుకుంది. ‘చార్జీ లేదు’ అని బోర్డు పెట్టి మారకం రేటులో కోసేవాళ్లున్నారు. పంపే ముందు చేతికి ఎన్ని రూపాయలు వస్తాయో అడగండి, చార్జీ అడగకండి.

ప్రభుత్వాల నుంచి నేను కోరేది పెద్దదేమీ కాదు. వెళ్లేవాడికి బ్యాంకు రేటుకు అప్పు దొరకాలి, 30,000 అన్న నిబంధన ఊళ్లో సబ్ ఏజెంటు దగ్గర కూడా అమలు కావాలి, నెలనెలా జమయ్యే ఖాతాను బ్యాంకు అప్పు అర్హతగా చూడాలి. ఈ మూడూ జరిగాక కూడా ఊళ్లో ఏమీ మారకపోతే అప్పుడు ఆ ఇళ్ల ఖర్చుల గురించి మాట్లాడుకుందాం. ఇక మీ ప్రశ్నలు.

ప్రశ్న: సార్, అమెరికా నుంచి పంపే డబ్బు మీద పన్ను వేశారు కదా. మా అన్నయ్య అక్కడే ఉన్నాడు. మాకు దెబ్బేనా?

మీ అన్నయ్య బ్యాంకు ఖాతా నుంచి పంపుతుంటే భయం లేదమ్మా. మొదట 5 శాతం అన్నారు, తర్వాత మూడున్నర అన్నారు, 2025 జూలైలో చట్టమయ్యేసరికి 1 శాతానికి దిగింది. 2026 జనవరి 1 నుంచి అమలు. అది కూడా నగదు, మనీ ఆర్డరు, క్యాషియర్ చెక్కు లాంటివి ఇచ్చి పంపితేనే. అమెరికా బ్యాంకు ఖాతా నుంచి, అక్కడి డెబిట్, క్రెడిట్ కార్డుల నుంచి పంపేదానికి లేదు. బ్యాంకు ఖాతా లేని మెక్సికో, మధ్య అమెరికా కూలీల మీదే ఆ భారం పడుతుంది. ఒక్క శాతమైనా పేదవాడి దగ్గర తీసుకోవడం న్యాయం కాదని నా అభిప్రాయం.

ప్రశ్న: ఊళ్లో ప్లాటు కొనడం తప్పన్నట్టు మాట్లాడారు. మాకు వేరే దారేముంది?

తప్పనలేదండి. మీరు ఆ డబ్బును నమ్మకంగా దాచుకోగల చోటు అదొక్కటే కనిపించింది. షేర్లంటే భయం, ఊళ్లో చీటీలు మునిగాయి, బ్యాంకు వడ్డీ ధరలతో సమానంగా పెరగలేదు. నేను మీ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణేమో. నా బాధల్లా, మన టౌన్లలో డబ్బు పెట్టదగిన పని ఇంకొకటి లేకుండా పోయిందనే. కొనేటప్పుడు లింకు డాక్యుమెంట్లు (పాత కొనుగోలు పత్రాలు), ఈసీ (స్థలం మీద అప్పులు, లావాదేవీలు చూపే రిజిస్ట్రేషన్ ఆఫీసు పత్రం) చూసి కొనండి. దూరంగా ఉన్నవాళ్ల స్థలాలనే ఆక్రమించుకుంటున్నారు.

ప్రశ్న: మా తమ్ముడు పదిహేనేళ్లుగా కువైట్‌లో ఏసీ మెకానిక్. వచ్చే ఏడాది తిరిగి వచ్చేస్తానంటున్నాడు. చేతిలో కొంత డబ్బుంది. ఏం చేయమంటారు?

మొదట, వచ్చాక బ్యాంకుకు వెళ్లి ఎన్ఆర్ఈ ఖాతాను, అంటే విదేశాల్లో ఉన్నవాళ్లకు ఇచ్చే ఖాతాను, మామూలు ఖాతాగా మార్పించాలి. అలాగే వదిలేయడం నిబంధనలకు విరుద్ధం, తర్వాత పన్ను చిక్కులొస్తాయి. దాచుకున్నదంతా ఒకేసారి ఒక కారులోనో, ఒక స్థలంలోనో పెట్టొద్దని చెప్పండి. కనీసం ఏడాది ఇంటి ఖర్చు పక్కన ఉంచమనండి. పదిహేనేళ్ల పని అనుభవానికి మన దగ్గర కాగితం ఉండదు. స్కిల్ ఇండియాలో ముందే వచ్చిన పనిని పరీక్షించి సర్టిఫికెట్ ఇచ్చే ఏర్పాటు ఉంది, అది తీసుకోమనండి. సర్వీస్ సెంటరు పెడతానంటే ప్రధానమంత్రి ఉపాధి కల్పన పథకం కింద పల్లెలో యూనిట్ పెట్టినవాళ్లకు ప్రాజెక్టు ఖర్చులో 25 శాతం, ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ, మహిళల లాంటి ప్రత్యేక వర్గాలకు 35 శాతం సబ్సిడీ ఉంటుంది. ముద్రా రుణం కూడా ఉంది. చాలామంది ఆగిపోయేది ప్రాజెక్టు రిపోర్టు దగ్గర. ఎన్ని ఏసీలు, ఎంత గ్యాస్, ఎంతమంది కుర్రాళ్లు, నెలకు ఎంత మిగులు, ఇవన్నీ బ్యాంకు అడిగే పద్ధతిలో రాయడం అతనికి అలవాటు లేదు. ఈ హాల్లో రోజూ ఎక్సెల్ షీట్లతోనే పనిచేసేవాళ్లు చాలామంది కనిపిస్తున్నారు. మీ తమ్ముడితో మాట్లాడి ఆ అంకెలు తీసుకురండి. వచ్చే సమావేశానికి అరగంట ముందు వస్తే ఇద్దరు ముగ్గురం కూర్చుని ఆ రిపోర్టు తయారు చేద్దాం.